పులికాటు దీవులకు పోదాం రండి!

పిల్లలూ,

మీది కోవూరు అనుకోండి. కాకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క ప్రయాణానికీ మీరంతా కోవూరు పిల్లలే. రాత్రి భోజనాలయినాక మేడ ఎక్కి, దక్షిణం వైపు తిరిగి నిలుచున్నారు. ఆకాశం నిర్మలంగా ఉన్నది. పెన్న మీది నుంచి చల్లని గాలి వస్తున్నది. ఇంతలో దూరాన, చెట్ల తలల పైన, ఒక నిప్పుచుక్క లేచింది. చూస్తూండగానే అది పెద్దదై, పైపైకి పోయి, సముద్రం వైపు వంగి మాయమయింది. అది తోకచుక్క కాదు, తారాజువ్వ కాదు. శ్రీహరికోట నుంచి బయలుదేరిన రాకెట్టు!

ఆ రాకెట్టు లేచిన చోటు ఒక దీవి. దీవి అనగానే మీకు అండమాను దీవులో, లక్షదీవులో గుర్తుకు వస్తాయి. అక్కడికి పోవాలంటే ఓడైనా ఎక్కాలి, విమానమైనా ఎక్కాలి. కాని కోవూరుకు సుమారు 90 కిలోమీటర్ల దూరంలోనే దీవులున్నాయి. ఒక పెద్ద దీవి, దాని వెనక ఒక పెద్ద సరస్సు, ఆ సరస్సులో మళ్ళీ చిన్న చిన్న దీవులు! సంక్రాంతి సెలవుల్లో అటు పోయి వద్దాం. నలుగురయిదుగురు స్నేహితులు, తోడుగా ఒక పెద్దవారు ఉంటే చాలు. మూటలో పులిహోర, పెరుగన్నం, మంచినీళ్ళు, తలకు టోపీ లేక తువ్వాలు, చూసినవి రాసుకోవటానికి ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. వీటన్నిటితోపాటు ఒక ప్రశ్న కూడా వెంట తీసుకుపోండి. దీవి దీవిగా ఎందుకు ఉంటుంది? వింత ప్రశ్నలా ఉన్నదా? తిరిగి వచ్చేలోగా జవాబు మీకే తెలుస్తుంది.

ముందు మైపాడులో ఒక సాయంత్రం

దీవికి పోయే ముందు సముద్రాన్ని కొంచెం తెలుసుకోవాలి. కోవూరు నుంచి పెన్న వంతెన దాటితే నెల్లూరు. అక్కడి నుంచి తూర్పుగా పోతే మైపాడు సముద్రతీరం వస్తుంది.

అల వచ్చి వెనక్కు పోయేచోట, మడమల లోతు నీళ్ళలో కదలకుండా నిలుచోండి. అల వెనక్కు తిరిగినప్పుడు మీ పాదాల కింద ఇసుక జారిపోతుంది. ఎవరో నేలను లాగేస్తున్నట్టు అనిపించి అందరూ ఘొల్లున నవ్వుతారు. కాని ఇక్కడే మన మొదటి పాఠం ఉన్నది. సముద్రపు ఒడ్డున ఇసుక ఒక్క క్షణం కూడా ఊరికే ఉండదు.

ఒక చిన్న ఎండుపుల్ల నీళ్ళలో వేసి చూడండి. అల ఒడ్డుకు తిన్నగా రాదు, కొంచెం ఏటవాలుగా వస్తుంది. తిరిగి పోయేటప్పుడు మాత్రం పల్లానికి తిన్నగా జారుతుంది. అందువల్ల పుల్ల వచ్చిన చోటికే తిరిగి పోదు. ప్రతి అలకూ కొంచెం పక్కకు జరుగుతుంది. ఇసుక రేణువులు కూడా అలాగే ఒడ్డు వెంబడి నడుస్తాయి. గాలివాటం మారితే అవి నడిచే దిక్కు కూడా మారుతుంది. నైరుతి గాలి వీచే నెలల్లో మన తీరాన ఇసుక ఉత్తరానికి పోతుంది. ఈశాన్యపు గాలి వీచే నెలల్లో దక్షిణానికి పోతుంది.

ఇక ఆటలో పడి మరిచిపోకూడని మాట ఒకటి. మైపాడయినా, మరే తీరమయినా సరే, పెద్దలు పక్కన లేకుండా నీళ్ళలో దిగవద్దు. దిగినా మోకాలి లోతు దాటవద్దు. ఒడ్డుకు వచ్చిన నీరంతా ఎక్కడో ఒక చోట కాలువలా చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. అమాయకులు ఆ చోటే మంచిదనుకుంటారు! ఆ ప్రవాహంలో చిక్కుకుంటే ఎంతటి ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. ఒడ్డుకు సమానంగా, పక్కకు ఈది దాన్ని తప్పించుకోవాలి. చెయ్యెత్తి కేక వెయ్యాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే నీళ్ళలోకి దూకకుండా తాడో, తేలే వస్తువో విసరాలి. సముద్రం మంచిదే, కాని దానికి మన ఆటలు తెలియవు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీని నెల్లూరు తీరపు పల్లెలు ఇంకా మరచిపోలేదు.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరాన మరొక వింత జరుగుతుంది. రాత్రివేళ ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకు పాకి వస్తాయి. ఇసుకలో గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి, వెనక్కు తిరిగి చూడకుండా సముద్రంలోకి పోతాయి. ఇంచుమించు 50 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. నీటి మీద మెరిసే వెలుగును బట్టి సముద్రం ఎటున్నదో అవి గుర్తుపడతాయి. ఒడ్డున మన దీపాలు వెలుగుతూంటే దారి తప్పి ఊరి వైపు నడుస్తాయి. తెల్లవారి ఇసుకలో బండిచక్రం గాడిలాంటి గుర్తు కనిపిస్తే అది తాబేలు నడిచిన దారి. గుర్తును చూడండి, గూడును కదిలించకండి.

సరస్సు మధ్య దారి

మరునాడు పొద్దున్నే నెల్లూరులో రైలు ఎక్కుతారు. గూడూరు, నాయుడుపేట దాటి సూళ్ళూరుపేటలో దిగుతారు. ఈ ఊరు చాలాకాలం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది.

సూళ్ళూరుపేట నుంచి తూర్పుగా శ్రీహరికోటకు పోయే రోడ్డును చూస్తే మీరు నోరు తెరుస్తారు. కొంతదూరం పోయేసరికి కుడివైపు నీళ్ళు, ఎడమవైపు నీళ్ళు. మీరు పోతున్న రోడ్డు నీటి మధ్య గీసిన గీతలాగా ఉంటుంది. అదే పులికాటు సరస్సు. తెలుగువారు దీన్ని ప్రళయకావేరి అని కూడా అంటారు. స. వెం. రమేశ్ రాసిన 'ప్రళయకావేరి కథలు' ఇక్కడి పల్లెల బతుకును చెప్పే పుస్తకం. పెద్దలు చదివి మీకు వినిపించవచ్చు.

మన దేశంలో ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సుల్లో ఒడిశాలోని చిలికా మొదటిది, పులికాటు రెండోది. దీని పొడుగు సుమారు 60 కిలోమీటర్లు. దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నది, మిగిలిన పెద్దభాగం ఆంధ్రదేశంలో ఉన్నది. ఇంత పెద్ద సరస్సు ఎంత లోతుంటుందో చెప్పండి చూద్దాం! చాలాచోట్ల మీ నడుము లోతే. అందుకే నీటి మధ్యన జాలర్లు నిలబడి వల వేయటం కనిపిస్తుంది.

"అదుగో, ఆ తెల్లని గుంపు ఏమిటి?" అని మీలో ఒకరు అరుస్తారు. ఉప్పు రాసులేమో అనుకుంటారు. ఇంతలో ఆ గుంపు కదులుతుంది. అవి ఫ్లెమింగోలు! తెలుగులో వీటిని రాజహంసలని కూడా పిలుస్తున్నారు. మనిషి భుజం దాకా వచ్చే ఎత్తు, కర్రల్లాంటి కాళ్ళు, కొక్కెంలా వంగిన ముక్కు. ఎగిరినప్పుడు చూడాలి, రెక్కల అడుగున ఎరుపూ నలుపూ ఒక్కసారిగా విచ్చుకుంటాయి.

ఈ పక్షి తినే పద్ధతి చాలా తమాషాగా ఉంటుంది. తలను తలకిందులుగా నీళ్ళలో ముంచుతుంది. నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోస్తుంది. ముక్కు అంచుల్లో జల్లెడలాంటి పళ్ళున్నాయి. నీరు బయటికి పోయి, సన్నని రొయ్యలూ నాచూ లోపల మిగులుతాయి. మీ అమ్మ బియ్యం కడిగి నీళ్ళు వంచినట్టే! ఆ నాచులోనూ, దాన్ని తిన్న రొయ్యల్లోనూ ఒక రంగు పదార్థం ఉన్నది. క్యారెట్టుకు ఎర్రదనం ఇచ్చేది కూడా ఆ జాతి పదార్థమే. అది ఒంట్లో చేరినకొద్దీ రెక్కలు గులాబీరంగుకు తిరుగుతాయి. పుట్టినప్పుడు పిల్ల బూడిదరంగులో ఉంటుంది. అంటే ఫ్లెమింగో అందం దాని తిండిలో ఉన్నదన్నమాట. తిండి సరస్సులో ఉన్నది. సరస్సు పాడయితే అందమూ పోతుంది, పక్షీ పోతుంది.

ఫ్లెమింగో లోతు నీటిలో నిలబడి తినలేదు. నీరు బొత్తిగా లేకపోయినా తినలేదు. దానికి తన కాళ్ళకు తగిన లోతు కావాలి. పులికాటులో అటువంటి లోతు ఎన్నో కిలోమీటర్ల మేర ఉన్నది. అందుకే వానలు వెలిసి చలికాలం రాగానే వేలకొద్దీ పక్షులు ఇక్కడ దిగుతాయి.

ఉప్పూ తీపీ కలిసే చోటు

ఈ సరస్సులో నీరు ఎక్కడిది? పడమటి నుంచి కాళంగి, దక్షిణాన ఆరణి మొదలయిన ఏళ్ళు వాననీటిని తెచ్చి పోస్తాయి. తూర్పున సముద్రం ఉన్నది. మధ్యన శ్రీహరికోట దీవి గోడలా అడ్డం నిలబడింది. ఆ ఇసుకగోడకు కొన్ని చోట్ల గండ్లున్నాయి. వాటిని ముఖద్వారాలంటారు. పోటు సమయంలో సముద్రపు నీరు వాటిగుండా లోపలికి వస్తుంది, ఆటు సమయంలో సరస్సు నీరు బయటికి పోతుంది.

ఇంటికి పోయాక ఈ చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక గాజుగ్లాసులో మంచినీళ్ళు పోసి, పచ్చి కోడిగుడ్డు మెల్లగా వదలండి. అడుక్కు పోతుంది. చెంచా చెంచా ఉప్పు వేస్తూ, గుడ్డుకు దెబ్బ తగలకుండా కలపండి. కొంతసేపటికి గుడ్డు పైకి తేలుతుంది. ఎందుకు? ఉప్పునీరు మంచినీటికన్న బరువైనది కనుక. ముఖద్వారం దగ్గర కూడా బరువైన సముద్రపు నీరు అడుగున జొరబడుతుంది, తేలికయిన ఏటినీరు పైన పరుచుకుంటుంది. తరువాత గాలి ఆ రెంటినీ కలుపుతుంది. రొయ్యల పిల్లలూ చేపపిల్లలూ ఆ దారినే సముద్రం నుంచి లోపలికి వచ్చి, అలలూ పెద్ద చేపలూ లేని సరస్సులో తిని పెరుగుతాయి. పెరిగినాక మళ్ళీ సముద్రానికి పోతాయి. కనుక ముఖద్వారం అంటే సరస్సుకు నోరూ ముక్కూ రెండూ!

రాకెట్ల దీవి

రోడ్డు చివర శ్రీహరికోట. కాని ఈ దీవిలోకి మనం ఎప్పుడు పడితే అప్పుడు పోవటానికి లేదు. ఇక్కడ ఉన్నది సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం. రాకెట్టు పోయే రోజున ప్రజలు చూడటానికి 2019లో ఒక వేదిక కట్టారు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారిని అక్కడికి పంపుతారు. మీ బడి తరఫున ముందే అనుమతి కోరవచ్చు.

రాకెట్లకు ఈ దీవినే ఎందుకు ఎన్నుకున్నారు? మీరు రంగులరాట్నం ఎక్కి, అది తిరిగే దిక్కుకే ఒక బంతి విసిరారనుకోండి. మీ చేతి వేగానికి రాట్నం వేగం కలిసి బంతి మరింత జోరుగా పోతుంది. మన భూమి పెద్ద రాట్నం, పడమటి నుంచి తూర్పుకు తిరుగుతున్నది. శ్రీహరికోట దగ్గర నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నది. తూర్పుకు పోయే రాకెట్టుకు ఆ వేగమంతా ఉచితంగా దొరుకుతుంది. పైగా తూర్పున అంతా సముద్రమే. రాకెట్టు నుంచి విడిపోయిన భాగాలు పడినా ఇళ్ళ మీద పడవు.

ఇక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు 1971 అక్టోబరు 9న లేచింది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి-3 అనే రాకెట్టుతో ఉపగ్రహాన్ని పంపబోయారు. అది కొద్ది నిమిషాలకే సముద్రంలో పడిపోయింది. ఎన్నో ఏళ్ళ శ్రమ నీళ్ళ పాలయింది! ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాం. ఆయన పై అధికారి సతీష్ ధవన్. ఆ రోజు పత్రికలవాళ్ళ ముందుకు ధవన్ స్వయంగా వచ్చి, ఓటమి బాధ్యతను తన మీద వేసుకున్నాడు. సంవత్సరం తిరగకముందే, 1980 జులై 18న, అదే జాతి రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని ఆకాశంలో నిలిపింది. ఈసారి పత్రికలవాళ్ళతో మాట్లాడమని ధవన్ కలాంనే పంపాడు. ఓటమికి తాను ముందు నిలిచి, గెలుపుకు తోటివాణ్ణి ముందు నిలిపిన ఆ పెద్దమనిషి పేరునే 2002లో ఈ కేంద్రానికి పెట్టారు. 2023 జులై 14న చంద్రయాన్-3 చంద్రుడి మీదికి బయలుదేరింది కూడా ఈ దీవి నుంచే.

రాకెట్టు లేచే రోజున మీరు సరస్సు ఒడ్డున ఉంటే ఒక లెక్క చెయ్యండి. ముందు వెలుగు కనిపిస్తుంది, తరువాత చాలాసేపటికి ఉరుము వినిపిస్తుంది. రాకెట్టు నేల విడిచిన క్షణం నుంచి ఆ మొదటి చప్పుడు దాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, 3తో భాగించండి. వచ్చినదే మీకూ రాకెట్టుకూ మధ్య దూరం, ఇంచుమించు కిలోమీటర్లలో!

రాకెట్లు రాకముందు ఈ దీవి ఎవరిది? ఇక్కడి అడవిలో తరతరాలుగా యానాదులు ఉండేవారు. తేనె, కుంకుడు, చింతపండు, బట్టలకు ఎర్రరంగు వేసే చిరివేరు, ఇవన్నీ వాళ్ళు అడవిలో ఏరి తెచ్చేవారు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ వేరు దేనికి మందో వాళ్ళకు కొట్టినపిండి. ఇక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మదరాసుకు పోయేవి. అంతరిక్ష కేంద్రం కట్టేటప్పుడు యానాది కుటుంబాలు చాలా వరకు దీవి విడిచి ఒడ్డుకు రావలసివచ్చింది. మనకు ఆకాశపు దారి దొరకటం కోసం వాళ్ళు తమ అడవిని వదులుకున్నారు. రాకెట్టును చూసి చప్పట్లు కొట్టేటప్పుడు ఆ సంగతి కూడా తలుచుకోవటం మన ధర్మం.

పడవ మీద ఇరకం

ఇక మనం దిగి తిరగగలిగిన దీవికి పోదాం. సూళ్ళూరుపేటకు దక్షిణాన తడ. తడ దగ్గర సరస్సు ఒడ్డున భీమునివారిపాలెం ఉన్నది. అక్కడ పడవ ఎక్కితే ఇరకం దీవికి పోవచ్చు. పడవలో అందరూ తేలుబెల్టులు కట్టుకుని, చోటు మారకుండా కూర్చోండి. ఒకరు ఫ్లెమింగోను చూశామని అందరూ ఒక్క పక్కకు ఒరిగితే పడవ కూడా ఒరుగుతుంది!

"తాతా, ఇక్కడ లోతు ఎంత?" అని పడవవాణ్ణి అడగండి. ఆయన గడను నీళ్ళలోకి దించి చూపిస్తాడు. గడకు అంటిన నల్లని బురద ఎక్కడిదాకా ఉన్నదో, అడుగున మట్టి ఎంత మెత్తగా ఉన్నదో చూడండి. సరస్సంతా ఒకే లోతని మనకు అనిపిస్తుంది. ఆయనకు మాత్రం నీటి అడుగున రోడ్డు మ్యాపు ఉన్నది. ఏ దారిలో పోతే పడవ ఇసుకలో ఇరుక్కోదో ఆయనకే తెలుసు.

ఇరకంలో ఉన్నవాళ్ళలో చాలామందికి చేపల వేటే జీవనాధారం. సరుకులు కావాలన్నా, జబ్బు చేసి వైద్యుడి దగ్గరికి పోవాలన్నా తరతరాలుగా వాళ్ళకు పడవే బండి. ఒడ్డున వలలు ఆరేసి ఉంటాయి. రొయ్యలూ పీతలూ బుట్టలకెక్కుతూంటాయి. మధ్యాహ్నం చెట్టు నీడన మీ మూట విప్పుకుని తినండి. తిన్న ఆకులూ కాగితాలూ తిరిగి మూటలోనే కట్టుకోండి. మనకు అది ఒక పూట విహారం, వాళ్ళకు అది ఇల్లు. ఎవరింటికయినా పోయి వాళ్ళ వాకిట్లో ఎంగిలాకులు పారేసి వస్తామా?

ఒక సరస్సులో ఎన్నో పల్లెలవాళ్ళు వేటాడితే తగాదాలు రావా? వస్తాయి. అందుకే తమిళనాడు వైపు పల్లెల్లో 'పాడు' అనే పాత ఏర్పాటు ఒకటున్నది. చేపలు బాగా పడే చోట్లను వంతులు వేసుకుంటారు. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో చీట్లు తీసి తేల్చుకుంటారు. మంచిచోటు ఎప్పుడూ ఒకడికే దక్కదు. బడిలో ముందు బల్ల కోసం తగువులాడుకునే మీరు ఇదొకసారి ప్రయత్నించి చూడండి!

నడిచి పోగల దీవి

తిరుగు ప్రయాణంలో పడవతాతను మరొక ప్రశ్న అడగండి. "తాతా, ఎండాకాలంలో ఇక్కడ ఎట్లా ఉంటుంది?"

అప్పుడు మీకు ఒక విచారకరమయిన సంగతి తెలుస్తుంది. ఎండలు ముదిరేసరికి సరస్సు ఉత్తరభాగంలో చాలా మేర నీరు ఇంకిపోతుంది. మనం పక్షులను చూసిన చోట నెర్రెలు విచ్చిన బురద, దాని మీద తెల్లగా ఉప్పుపొర! పడవ పోయిన దారిన మనిషి నడిచిపోవచ్చు. నడిచి పోగలిగితే అది ఇంకా దీవి ఎట్లా అవుతుంది?

ఎండాకాలంలో నీరు తగ్గటం కొత్త కాదు. కాని దాన్ని నింపవలసిన ముఖద్వారాల్లో ఇసుక మేటవేస్తున్నది. దక్షిణాన పళవేర్కాడు దగ్గర ఒక ముఖద్వారం, ఉత్తరాన రాయదొరువు, తూపిలిపాలెం ప్రాంతాల్లో మరి రెండు ఉన్నాయి. ఉత్తరపు ముఖద్వారాలు పూడుకుపోవటం వల్ల పోటునీరు లోపలికి రావటం తగ్గింది. నీటితోపాటు రొయ్యపిల్లలు రావటమూ తగ్గింది. అందుకే పూడిక తీయించమని జాలర్లు ఎంతోకాలంగా అడుగుతున్నారు.

మైపాడులో మీ కాళ్ళ కింద జారిన ఇసుక గుర్తున్నదా? అదే ఇసుక ఇక్కడ దీవిని కట్టింది. కొన్ని వేల సంవత్సరాలుగా అలలూ ఏళ్ళూ తెచ్చిన ఇసుక తిన్నెలుగా పేరుకుని, సముద్రానికి అడ్డుకట్టయి, వెనక సరస్సు ఏర్పడింది. ఆ ఇసుకే ముఖద్వారంలో చేరితే సరస్సు గొంతు నొక్కేస్తుంది. ఇసుక దోషి కాదు, దాని పని నడవటమే. ఏటినీరు జోరుగా వచ్చి, పోటూ ఆటూ బలంగా ఉంటే ముఖద్వారంలోని ఇసుక కొట్టుకుపోతుంది. ఏటినీరు తగ్గితే ఇసుకదే పైచెయ్యి అవుతుంది.

నేలపట్టు నేర్పిన పాఠం

కోవూరుకు తిరిగి వచ్చేటప్పుడు దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో ఒక్క పూట ఆగండి. అక్కడ ఒక చెరువు, నీటిలో నిలబడిన చెట్లు, చెట్ల నిండా గూళ్ళు. చలికాలంలో గూడబాతులు అక్కడికి వచ్చి గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. వాటి ముక్కు కింద తోలుసంచి వేలాడుతూంటుంది. తల్లి అరగదీసిన చేపలను తెస్తే, పిల్ల తన తలంతా ఆ సంచిలోకి దూర్చి తింటుంది! గూడు నేలపట్టులో, వంటిల్లు పులికాటులో. పొద్దున్నే పెద్దపక్షులు పులికాటు వైపు ఎగిరిపోయి చేపలు పట్టి తెస్తాయి.

1976లో నేలపట్టును పక్షుల రక్షితస్థలంగా ప్రకటించారు. కాని అంతకు ముందు నుంచే ఊరివాళ్ళు ఈ పక్షుల జోలికి పోనిచ్చేవారు కాదు. ఎందుకో తెలుసా? పక్షుల రెట్ట చెరువులో పడుతుంది. ఆ చెరువునీరు పొలాలకు పారుతుంది. ఎరువు కలిసిన నీటితో పంట బాగా పండుతుందని రైతులు కనిపెట్టారు. పక్షికి చెట్టిచ్చారు, పక్షి పంటనిచ్చింది.

ఇప్పుడు మీరు వెంట తీసుకుపోయిన ప్రశ్న బయటికి తీయండి. దీవి దీవిగా ఎందుకు ఉంటుంది? చుట్టూ నీరున్నది కనుక అని భూగోళం పుస్తకం చెబుతుంది. అది నిజమే. కాని ఆ నీరు దానంతట అది ఉండదు. ఏరు తన వంతు నీరు తేవాలి, సముద్రం తన వంతు పోటు పంపాలి, ముఖద్వారం తెరుచుకుని ఉండాలి. ఎవరో ఒకరి వంతు తప్పినా పడవ ఇసుకలో కూరుకుంటుంది, పక్షి వేరేచోటు వెతుక్కుంటుంది, వల ఖాళీగా పైకి వస్తుంది. పాడు చీట్లలో వంతులున్నట్టే ఈ సరస్సులో కూడా అందరికీ వంతులున్నాయి. మనుషులమయిన మన వంతు మనం చేస్తున్నామా?

చేయటానికి పని ఉన్నది. మీ ఊరి కాలువలో, పెన్నలో చెత్త పడనివ్వకండి, అది చేరేది సముద్రానికే. పక్షులను దగ్గరగా చూడాలని కేకలు వేసి లేపకండి, ఎగిరిన ప్రతిసారీ వాటి బలం వృథా అవుతుంది. ముఖద్వారాలలో పూడిక తీయాలని జాలర్లు అడుగుతున్న సంగతి పత్రికల్లో వస్తే చదివి ఇంట్లో పెద్దలకు వినిపించండి. నలుగురికీ తెలిసిన కష్టానికే నలుగురూ సాయం వస్తారు.

మళ్ళీ ఎప్పుడో ఒక రాత్రి కోవూరులో మీరు మేడ ఎక్కుతారు. దక్షిణాన నిప్పుచుక్క లేస్తుంది. పక్కవాళ్ళంతా "రాకెట్టు! రాకెట్టు!" అంటారు. మీరు మాత్రం ఆ వెలుగు కింద ఇంకా ఎన్నో ఉన్నాయని ఎరుగుదురు. చీకట్లో ఒంటికాలి మీద నిద్రపోయే ఫ్లెమింగోలు, నేలపట్టు చెట్ల మీద గూడబాతు పిల్లలు, గడను ఒడ్డున గుచ్చి పడవ కట్టేసి ఇంటికి పోయిన తాత. వాళ్ళందరినీ ఆ పక్కవాళ్ళకు మీరే చెప్పండి.